మసక అంచు

ఇంట్లో తాళంచెవి కనబడకపోతే అందరి కళ్ళూ ముందు ఆమె మీదికే వెళ్ళేవి. పాలు పొంగి పొయ్యి పాడైనా, కుళాయి కట్టెయ్యకపోయినా, ఎక్కాల్సిన బస్సు బదులు ఇంకోటి ఎక్కి ఊరి ఆ చివర తేలినా, అంతా ఆమె ఖాతాలోకే పోయేది. కన్నవాళ్ళు పెట్టిన పేరు కాగితాల మీద ఉండిపోయింది. అందరి నోళ్ళలోనూ మిగిలింది పరాకు. అలా పిలిస్తే అందరికంటే ముందు ఆమే నవ్వేది. తనని చూసి తనే నవ్వుకునే మనిషి మీద ఎవరికీ జాలి ఉండదు. ఏమన్నా పడుతుందిలే అనుకుంటారు.

ఆ రోజు పిల్లల వార్డులో మాత్రం ఆమె నవ్వలేదు. కిటికీ పక్క మంచం మీద కూతురు కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. నోరు మూతపడకుండా కబుర్లు చెబుతుందని ఆ పిల్లని పిచ్చుక అని పిలుస్తారు. ఇప్పుడు మంచినీళ్ళు కావాలన్నా సైగే చేస్తోంది. పరాకు మంచం పక్కన నిలబడి దుప్పటి అంచుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మడతపెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడతపెడుతోంది. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే చేతులవి, ఖాళీగా ఉండడం వాటికి రాదు.

వార్డు డాక్టరు చెడ్డవాడేం కాదు. కుర్రవాడు, పొద్దుటినుంచీ కాళ్ళమీద ఉన్నాడు. మంచాలన్నీ తిరిగి తిరిగి చివరికి ఈ మంచం దగ్గరికి వచ్చాడు. మాత్రలన్నీ వేశావా అని అడిగాడు. వేశానంది. ఒక్కరోజు కూడా తప్పలేదా అన్నాడు. తప్పలేదంది. అతను, పిల్లని మొదటిసారి చూపించినప్పటి రక్తం రిపోర్టు తీసి చూపుడువేలితో ఒక వరుస మీద కొట్టాడు. ఇది టైఫాయిడ్, ఈ సూక్ష్మజీవి మీద ఈ మాత్ర పనిచేస్తుందని ల్యాబువాళ్ళు రాశారు, పనిచేసే మందు పిల్ల కడుపులోకి వెళ్ళి ఉంటే జ్వరం ఇన్నాళ్ళు ఎందుకుంటుంది అన్నాడు. అడిగాడే కానీ జవాబు కోసం అడగలేదు.

పరాకు తలతిప్పి వదిన వైపు చూసింది.

వదిన అంటే పరాకు అన్నగారి భార్య. అదే ఆసుపత్రిలో, కింది అంతస్తు ల్యాబులో టెక్నీషియన్. మేనకోడల్ని చేర్చుకున్నారని తెలియగానే తెల్లకోటు విప్పకుండానే మెట్లెక్కి వచ్చింది. ఆ వార్డులో పరాకుకి అయినవాళ్ళంటూ ఉన్నది ఆమె ఒక్కతే. డాక్టరు గొంతు పెంచుతాడేమోనని వదిన ముందే సర్దిచెప్పబోయింది. చిన్నగా నవ్వింది కూడా.

"కొంచెం పరాకు మనిషండీ. ఒకటి రెండు రోజులు తప్పిపోయి ఉంటాయి."

మంచి మనసుతోనే అంది. డాక్టరు కూడా మెత్తబడ్డాడు. సరే, రక్తం మళ్ళీ తీసి పంపండి, అవే మాత్రలు ఈసారి నర్సు కళ్ళముందే మింగించండి అని చెప్పి పక్క మంచానికి వెళ్ళిపోయాడు. దుప్పటి అంచు ఇంకా పరాకు వేళ్ళ మధ్యే ఉంది.

పిచ్చుక తండ్రి లారీ డ్రైవరు. దూరం బండి మీద ఉన్నాడు. ఆ సాయంత్రమే వదినకు ఫోన్ చేశాడు. పెళ్ళాం చెప్పింది అతనికి సరిపోలేదు, ఆసుపత్రి మనిషి నోట వినాలనుకున్నాడు. అతని గొంతులో కోపం కంటే భయమే ఎక్కువుంది. భయపడ్డ మగవాడు దాన్ని కోపంగానే బయటపెడతాడు కదా, అదే చేశాడు. మందు వెయ్యడం కూడా మరిచిపోయే మనిషి దగ్గర పిల్లని వదిలి ఊళ్ళు తిరగలేనన్నాడు. జ్వరం తగ్గగానే తీసుకెళ్ళి వాళ్ళమ్మ దగ్గర పెడతానన్నాడు, అక్కడే బడిలో వేస్తానన్నాడు. అంతపని వద్దని వదిన అంటే, సూటిగా అడిగాడు.

"నువ్వు ల్యాబులో ఉన్నావుగా అక్కా. మందు పనిచేసేదేనా, కాదా?"

"మళ్ళీ రక్తం తీశారు తమ్ముడూ. అది చూసి చెబుతాను."

చూడకుండా ఏదీ చెప్పదని వదినకు పేరు. ఆ మాట చెప్పి ఫోను పెట్టేసినందుకు ఆమెకి కాస్త గర్వంగా కూడా ఉంది.

సీసాలో పోసిన రక్తంలో సూక్ష్మజీవి పెరగాలి, దాన్ని పట్టి ప్లేటు మీద పరచాలి, మళ్ళీ ఒక రాత్రి ఆగాలి. ల్యాబులో తొందరపడడానికి ఏమీ ఉండదు. అయినా వదిన తొందరపడుతూనే ఉంది. టీ చల్లారిపోయేది, మళ్ళీ వేడి చేసుకునేది, మళ్ళీ మరిచిపోయేది. ఇన్నాళ్ళూ ఈ మరుపులన్నీ పరాకు సొంతం అనుకున్న మనిషి, తన కప్పుని మాత్రం చూసుకోలేదు.

ప్లేటు చదివే రోజు వచ్చింది. అరచేతంత గుండ్రటి ప్లేటు, అందులో పలచని జెల్లీ, జెల్లీ మీద సూక్ష్మజీవుల తెల్లటి పొర. పొర మీద అక్కడక్కడా మందు అద్దిన చిన్న చిన్న కాగితం డిస్కులు. మందు పనిచేస్తే డిస్కు చుట్టూ పొర పెరగదు, శుభ్రంగా ఒక గుండ్రం మిగులుతుంది. గుండ్రం పెద్దదైతే మందు పనిచేస్తుందని 'ఎస్', చిన్నదైతే పనిచేయదని 'ఆర్'. వదిన ప్లేటుని తిరగేసి నల్లగుడ్డ మీద పట్టుకుని, దీపం పక్కకి జరిపి, స్కేలు ఆనించి అంకె పైకి చెబుతుంది. పక్కన కంప్యూటరు ముందు కూర్చున్న అతను కొట్టుకుంటాడు. నెలకో చుట్టం పెళ్ళి ఉంటుంది అతనికి, అందుకని ల్యాబంతా అతన్ని సెలవు అంటుంది.

పాత మందులన్నీ ఆర్. అది కొత్త సంగతేం కాదు. టైఫాయిడ్ మీద అవి పనిచేయడం మానేసి చాలాకాలమైంది. ఇంజెక్షన్ మందు ఎస్. మాత్రల్లో మిగిలింది ఒక్క అజిత్రో, పిచ్చుక మింగుతున్నది అదే. దాని గుండ్రం ఎప్పుడూ పేచీయే. చుట్టూ గీత గీసినట్టు ఉండదు, అద్దం మీద ఊపిరి వదిలినట్టు లోపలంతా మసకమసకగా ఉంటుంది. డిస్కు దగ్గర ఒక అంచు, మసక దాటాక బయట ఇంకో అంచు. ఏ అంచు దగ్గర కొలవాలి?

వదిన ఆ ప్రశ్న వేసుకుని ఏళ్ళయింది. పని నేర్పిన పెద్దాయన, ఇప్పుడు రిటైరయ్యాడు, చెవిలో ఊదినట్టు ఒక మాట చెప్పేవాడు: మసకను వదిలెయ్, అంచు పట్టుకో. ఆ ల్యాబులో చేరిన ప్రతివాళ్ళకీ ఆమె కూడా అదే మాట చెప్పింది. అలవాటుగా మసకను వదిలేసింది, బయటి అంచు పట్టుకుంది, అంకె చెప్పింది.

"ఎస్," అన్నాడు సెలవు, కొడుతూ.

వదిన ఆ ప్లేటుని చదివేసిన ప్లేట్ల ట్రేలో పెట్టి, చేతులు కడుక్కుని, నడవాలోకి వెళ్ళి డ్రైవరుకి ఫోన్ చేసింది. మందు పనిచేసేదే తమ్ముడూ అని చెప్పింది. ఇంజను చప్పుడు మధ్య అతను, అయితే ఎల్లుండి పొద్దున్న వస్తాను, పిల్ల బట్టలు సర్దమని చెప్పక్కా అన్నాడు.

ఆ కబురు చెప్పడానికి వదిన మెట్లెక్కింది. సగం మెట్లు ఎక్కి ఆగింది. మళ్ళీ ఎక్కింది. నిజం చెప్పడానికి వెళ్ళేవాళ్ళకి కాళ్ళు ఇంత బరువెక్కకూడదు.

వార్డు గుమ్మంలో నర్సు ఎదురైంది. మనిషి మంచిదే కానీ విసుగెక్కువ. మీ ఆడపడుచుతో వేగలేకపోతున్నామండీ అని అందుకుంది. మాత్ర వేళ కాకముందే గ్లాసుతో నీళ్ళు పట్టుకుని వచ్చి బల్ల ముందు నిలబడుతుందట. ఇంకా టైముందమ్మా అంటే పోదట. నిన్న ఇంకో పిల్లాడికి సెలైన్ ఎక్కిస్తూ ఒక ఐదు నిమిషాలు ఆలస్యమైతే వెనకాలే తిరిగిందట. మాత్ర మింగాక పిల్ల నోరు తెరిపించి నాలుక కింద కూడా చూస్తుందట.

"ఆవిడకి మరుపని మీరే అన్నారట కదా. మాకైతే అలా కనబడలేదు," అని నర్సు నవ్వి ట్రే పట్టుకుని వెళ్ళిపోయింది.

వదిన లోపలికి చూసింది. పరాకు కూతురి తల ఒళ్ళో పెట్టుకుని తడిగుడ్డతో నుదురు తుడుస్తోంది. గుడ్డ తిప్పుతోంది, చల్లటి వైపు నుదుటికి పెడుతోంది, మళ్ళీ తిప్పుతోంది. ఇటు చూడలేదు. పిల్ల బట్టలు సర్దమనే మాట వదిన నోట్లోనే ఉండిపోయింది. లోపలికి అడుగుపెట్టకుండానే వెనక్కి తిరిగింది.

ఇంటికి వెళ్ళాక ఒకచోట నిలవలేకపోయింది. ఆరిన బట్టలు మడతపెట్టింది, ఆ మడతలు నచ్చక విప్పి మళ్ళీ పెట్టింది. భర్త టీవీ చూస్తూ చెల్లెలి పాత కథలన్నీ ఎత్తుకున్నాడు. స్కూలుకి ఒక కాలికి ఒక రంగు చెప్పు, ఇంకో కాలికి ఇంకో రంగు చెప్పు వేసుకెళ్ళిన రోజు, కొత్త గొడుగు కొన్న కొట్లోనే వదిలేసి వచ్చిన రోజు. అవి ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చిన కథలే, వదిన కూడా ఎన్నోసార్లు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వినవే.

"ఎప్పుడైనా పిల్ల విషయంలో ఏమన్నా మరిచిపోయిందా?" అని అడిగింది ఉన్నట్టుండి.

అతను ఆలోచించాడు. టీవీ గొంతు తగ్గించి మరీ ఆలోచించాడు. బడి నుంచి తీసుకురావడం మరిచిపోయిందా అంటే లేదు. అన్నం పెట్టడం, టీకా వేయించడం, ఊహూఁ. ఒక్కటీ దొరకలేదు. దొరకనందుకు అతనికే ఆశ్చర్యమేసింది. అదేంటో మరి అని, మళ్ళీ టీవీ గొంతు పెంచాడు.

మర్నాడు వదిన అందరికంటే ముందు ల్యాబుకి వచ్చింది. ఇంకొంచెం ఆలస్యమైతే అందేది కాదు. చదివేసిన ప్లేట్లు అప్పటికే ఎర్రసంచిలోకి చేరాయి. సంచిని ఆవిరి డ్రమ్ములో పెట్టి ఉడకబెడితే సూక్ష్మజీవులన్నీ చచ్చిపోతాయి, తర్వాత చెత్తలో పడేస్తారు. ఆయా అప్పుడే సంచి మూతి ముడివేస్తోంది. వదిన ఆగమంది. ఏం పోయిందమ్మా, ఉంగరమా అని ఆయా అడిగింది. వదిన గ్లవ్స్ తొడుక్కుని సంచిలో చెయ్యిపెట్టింది. ఒక్కో ప్లేటు తీసి నంబరు చూసి పక్కన పెట్టింది. ఆయా నడుం మీద చేతులు పెట్టుకుని చోద్యం చూసింది.

పిచ్చుక ప్లేటు దొరికింది. వదిన దాన్ని నల్లగుడ్డ మీద పెట్టి దీపం దగ్గరికి లాగింది. ఏళ్ళ తరబడి చూసినదాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. బయటి అంచు నిన్నటి చోటే ఉంది. నిన్నటి అంకె సరైనదే. కానీ ఆ అంచు లోపల మసక డిస్కు దాకా నడిచి వచ్చింది. దీపం ఏటవాలుగా పడ్డప్పుడు ఆ మసకలో సన్నటి గరుకు కనబడింది. ఊపిరి తడైతే గరుకుండదు. గరుకుగా ఉందంటే అక్కడ ఏదో పెరిగింది, మందు పక్కనే కూర్చుని పెరిగింది. దాన్నే తను నిన్న వదిలేసింది. నిన్నొక్కరోజేనా?

ల్యాబు పెద్ద మేడమ్ వచ్చేదాకా వదిన కూర్చోలేదు. మేడమ్ వచ్చి కోటు తొడుక్కుంటూ ఉండగానే ప్లేటు ఆమె ముందు పెట్టింది. మేడమ్ తన కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని చూసింది. ఎంత రాశారు అని అడిగింది. వదిన చెప్పింది. మేడమ్ స్కేలు తీసుకుని తనే కొలిచింది, లోపలి అంచు దగ్గర. ఆ అంకెకి ఎస్ రాదు.

"మసక వదిలెయ్యమని ఎవరు చెప్పారు?"

"పెద్దాయన. ఎప్పటినుంచో అలాగే చదువుతున్నాం మేడమ్."

మేడమ్ స్కేలు కింద పెట్టింది. ఆ మాట పెద్దాయన అన్నది నిజమే, తను ఉద్యోగంలో చేరిన కొత్తలో తనూ విన్నదేనంది. అయితే అది సల్ఫా మందుకి చెప్పిన మాట. సల్ఫా నెమ్మది మందు, సూక్ష్మజీవి ఆగిపోయేలోగా ఒకటి రెండు తరాలు పెరుగుతుంది, ఆ మసకకి విలువలేదు, వదిలెయ్యొచ్చు. తర్వాత సల్ఫా వాడకం పోయింది, అజిత్రో వచ్చింది. మందు మారింది, మాట మాత్రం ల్యాబులోనే ఉండిపోయింది. ఇక్కడ మసక అంటే బతికున్న సూక్ష్మజీవే.

మేడమ్ వెనక గోడ మీద ఒక చార్టు ఉంది. ఏ మందుకి టైఫాయిడ్ ఎంత లొంగుతోందో నెలనెలా గీసే గీతలవి. మిగతా మందుల గీతలన్నీ జారి జారి కిందికి పోయాయి. అజిత్రో గీత ఒక్కటే పైన, కదలకుండా, తిన్నగా. మా దగ్గర ఈ మాత్ర ఇంకా పనిచేస్తోంది అని మేడమ్ మీటింగుల్లో ఆ గీత చూపించి వచ్చేది. ఆ గీతని నమ్మే ఊళ్ళో డాక్టర్లంతా మొదట అదే మాత్ర రాసేవాళ్ళు. ఇద్దరూ ఒకేసారి దాని వైపు చూశారు, ఒకేసారి చూపు తిప్పుకున్నారు.

"చదివింది నేను మేడమ్," అంది వదిన.

"సంతకం నాది," అంది మేడమ్. "ఇంజెక్షన్‌కి మార్చమని వార్డుకి ఇప్పుడే చెబుతాను. అది ఎలాగూ పనిచేస్తుంది. కానీ రిపోర్టు మార్చి రాయాలంటే మళ్ళీ చేసి చూడాలి. డిస్కూ, మందు పట్టీ రెండూ పెట్టండి."

వార్డుకి ఫోన్ వెళ్ళింది, మధ్యాహ్నానికల్లా పిల్లకి ఇంజెక్షన్ మొదలైంది. అక్కడికి ఒక ప్రాణం కుదుటపడాలి. వదినకు పడలేదు. మందు ఎందుకు మార్చారో ఎవరూ పరాకుకి చెప్పి ఉండరు. చెప్పాల్సింది తను. కానీ ఏం చెప్పాలి? పనిచేస్తుందని ఒకసారి చెప్పి, పనిచేయదని మర్నాడే చెప్పి, రేపు పట్టీ ఇంకోలా చూపిస్తే? చూడకుండా చెప్పదని కదా తనకు పేరు. ఆ పేరే ఇప్పుడు మెడకు చుట్టుకుంది. రేపు పొద్దున్న చూసి చెబుదాం అనుకుంది. అనుకున్నదే కానీ, ఆ రోజంతా ల్యాబు తలుపు దాకా వెళ్ళడం, వెనక్కి రావడం. సెలవు కూడా గమనించి, మీరే కాస్త సెలవు పెట్టండక్కా అన్నాడు.

రేపు రానే వచ్చింది. అంకెలు వేసిన సన్నటి పట్టీ జెల్లీ మీద అతికి ఉంది. ఒక కొసన మందు ఎక్కువ, ఇంకో కొసన తక్కువ. సూక్ష్మజీవి ఎక్కడిదాకా పెరిగి వచ్చి పట్టీని తాకితే అక్కడ ఆ మందు ఓడిపోయినట్టు. ఇందులో మసక లేదు, వాదన లేదు. తెల్లటి పొర మందు ఎక్కువున్న కొస దాకా ఎక్కి కూర్చుంది. పిల్ల మొదటిసారి వచ్చినప్పుడు తీసిన సూక్ష్మజీవిని కూడా ఫ్రీజరు లోంచి తీసి పక్కనే పెంచారు. అదీ అంతే. అంటే మొదటి మాత్ర మింగకముందే ఆ మాత్రకి లొంగని జ్వరమది.

మేడమ్ కొత్త రిపోర్టు మీద సంతకం పెట్టింది. తర్వాత ఫ్రీజరు తాళంచెవి తీసి సెలవుకి ఇచ్చింది. ఎస్ అని రాసిన టైఫాయిడ్‌లన్నీ మళ్ళీ చెయ్యాలి, పైవాళ్ళకి ఉత్తరం నేను రాస్తాను అంది. ఎన్నున్నాయో చూసి సెలవు నోరు తెరిచాడు, మూసుకున్నాడు. ఆ రోజు మాత్రం ఏ చుట్టానికీ పెళ్ళి కాలేదు.

వదిన మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

డ్రైవరు అప్పటికే వచ్చేశాడు. మంచం పక్కన నిలబడి ఉన్నాడు, రోడ్డు దుమ్ము ఇంకా చొక్కా మీదే ఉంది. భుజానికి పిచ్చుక బట్టల బ్యాగు. ఇంకో రెండు మూడు రోజుల్లో పంపిస్తారట, ఈలోగా బట్టలు, పుస్తకాలు తీసుకెళ్ళి అమ్మ దగ్గర పెట్టి వస్తానన్నాడు. పరాకు పిల్ల కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. ఏడవడం లేదు, వాదించడం లేదు.

"ఇంక గొడవేం లేదక్కా. తనే ఒప్పుకుంది," అన్నాడు డ్రైవరు. కోపం ఎక్కడో దారిలోనే అయిపోయినట్టుంది, అలసట ఒక్కటే మిగిలింది అతని గొంతులో.

"ఏం ఒప్పుకుంది?"

పరాకు తనే చెప్పింది. "శనివారం, వదినా. ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్ అయింది ఆ రోజు. నేను వచ్చేసరికి ఇది నిద్రపోయింది. లేపడమెందుకు, కాసేపాగి వేద్దాంలే అనుకున్నాను. అలాగే మరిచిపోయాను. నిన్న గుర్తొచ్చింది. డాక్టరుగారితో కూడా చెప్పేశాను."

పక్కింటి మనిషి సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. వదిన మంచం రెయిలింగు పట్టుకుంది. ఇక ఆగలేదు. డ్రైవరు వైపు తిరిగి మొత్తం చెప్పేసింది. ఆ మాత్ర ఈ జ్వరం మీద పనిచేయదని, మొదటినుంచీ పనిచేసేది కాదని, రోజూ రెండు చొప్పున వేసినా తగ్గేది కాదని చెప్పింది. ప్లేటు తప్పు చదివామని, చదివింది ఇంకెవరో కాదు తనేనని చెప్పింది. ఫోన్‌లో తను చెప్పిన మాట తప్పని చెప్పింది. అతను వింటూ వింటూ బ్యాగు పట్టీని పిడికిట్లో నలిపాడు. అంటే దీనిది తప్పు లేదా అన్నాడు. లేదంది. అతను పెళ్ళాం వైపు చూడలేక కిటికీ వైపు చూశాడు.

అక్కడితో అయిపోతుందని వదిన అనుకుంది. పరాకు ముఖంలో వెలుగు వస్తుందనుకుంది. రాలేదు.

"అయితే శనివారం?" అంది పరాకు.

"శనివారం ఏంటి?"

"మందే పనిచేయదంటే, నేను మరిచిపోయినా ఇదే జ్వరం, మరిచిపోకపోయినా ఇదే జ్వరం. అంతే కదా? మరి నేను మరిచిపోయానా, లేదా? నీ ప్లేటులో అది తెలుస్తుందా వదినా?"

"తెలియదు," అంది వదిన.

పరాకు తల ఊపింది. కూతురి పాదం మీద దుప్పటి సరిచేస్తూ నెమ్మదిగా చెప్పుకొచ్చింది.

"మొదట నాకేం గుర్తులేదు వదినా. వేశాననే ఉంది. కానీ నువ్వు డాక్టరుగారితో అన్నావు కదా, తప్పిపోయి ఉంటాయని. మిగతావాళ్ళు అంటే పట్టించుకునేదాన్ని కాదు. నువ్వు ఊరికే అనవు, కొలిచి చెప్పే మనిషివి. అందుకని ఇక్కడే కూర్చుని ఒక్కో రోజూ వెతుక్కున్నాను. ఎంత వెతికినా దొరకలేదు. నిన్నటికి శనివారం దొరికింది. ఇది నిద్రపోతున్నట్టు, నేను గుమ్మంలో చెప్పులు విప్పుతున్నట్టు, అంతా కనబడుతోంది. ఇప్పుడు నువ్వొచ్చి లేదంటే అది ఎక్కడికి పోతుంది?"

వదినకు ఏడుపొచ్చింది. ల్యాబులో ప్లేటు చూసినప్పుడు రాని ఏడుపు, మేడమ్ ముందు రాని ఏడుపు ఇక్కడ వచ్చింది. తను నవ్వుతూ అన్న ఒక్క మాట ఈ మనిషి తలలో దూరి, ఇల్లు కట్టుకుని, గుమ్మం పెట్టుకుని కూర్చుంది. దాన్ని తీయడానికి ఏ పట్టీ లేదు, ఏ స్కేలూ లేదు. మేడమ్ సంతకం పెట్టిన కాగితం కూడా పనికిరాదు.

ఆమె వెళ్ళి పరాకు పక్కన మంచం మీద కూర్చుంది. తెల్లకోటుతో రోగి మంచం మీద కూర్చోకూడదు. కూర్చుంది.

"శనివారం నువ్వు మరిచిపోలేదు."

"నీకెలా తెలుసు?"

"నువ్వు మరిచిపోయావని ఏం చూసి అన్నానే? ఏమీ చూడలేదు. ఇదీ చూడకుండానే అంటున్నాను. పిల్ల మందు నువ్వు మరిచిపోవు. మరిచిపోలేదు."

పరాకు చాలాసేపు ఆమె ముఖంలోకే చూసింది. డ్రైవరు భుజం మీది బ్యాగు దింపాడు. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఒక క్షణం పట్టుకుని నిలబడి, వంగి మంచం కిందికి తోశాడు. పిచ్చుక కళ్ళు తెరిచి తండ్రిని చూసి, నీళ్ళు అంది. సైగ చేయలేదు, నోటితోనే అంది. పరాకు గ్లాసు అందుకుని పిల్ల మెడ కింద చెయ్యి వేసి లేపి తాగించింది, మూతి తుడిచింది, మళ్ళీ పడుకోబెట్టింది. అప్పుడు వదిన వైపు తిరిగింది. ఆమె పెదాలు వణుకుతున్నాయి, వణుకుతూనే కొంచెం విచ్చుకున్నాయి.

"ఇంకోసారి చెప్పు వదినా. మరిచిపోతానేమో."

వదిన మళ్ళీ చెప్పింది. ఈసారి పక్క మంచాలవాళ్ళకీ, గుమ్మంలో మందుల బండి తోసుకొస్తున్న నర్సుకీ కూడా వినబడేలా చెప్పింది.